ఆడి మాసం లెక్క

...కాదు, ఆ రోజు గడపే దాటలేదు, అమ్మతో కూర్చుని మినుములు చెరిగింది. మరి అంతకు ముందురోజు? పాల బూత్‌కు వెళ్ళింది. వరసలో వెనక నిలబడ్డవాడి భుజం తగిలింది. భుజం తగిలితే ఈ జబ్బు వస్తుందా?

అలివేలుమంగ తన ఆలోచనకు తానే ఉలిక్కిపడింది. చేయని తప్పు కోసం ఇలా మూలమూలా వెతుకుతున్నదెవరు? తనా, తనలో దూరి కూర్చున్న అత్తగారా?

క్లినిక్ బల్ల మీద పక్కనే భర్త జయప్రకాష్. అతని ఒళ్ళో ఆమె బట్టల సంచి. గోడ మీది బోర్డులో మద్రాసు చెరిపి చెన్నై అని రాశారు. పాత పేరు కింద నుంచి ఇంకా కనిపిస్తూనే ఉంది.

మూడో నెలలో గర్భం పోయింది. కారణం తెలుసుకోవడానికి చేసిన రక్తపరీక్షలో హెర్పిస్ ఐజీజీ పాజిటివ్ అని, అంటే పడకలోనూ అంటుకునే ఒక వైరస్ ఒంట్లో చేరిందని వచ్చింది. అత్తగారు చెంగమ్మ సౌకార్‌పేటలోని తమ ఇంటి గోడ క్యాలెండరు మీద వేలు పెట్టి లెక్క తేల్చేసింది. పెళ్ళి వైకాశిలో, ఆడికి రెండు నెలల ముందు. కొత్త కోడలు ఆడి మాసం, అంటే ఆషాఢం, అత్తింట ఉండకూడదు కాబట్టి మాధవరంలో పుట్టింటికి పంపారు. "ఈడ ఉన్నన్నాళ్ళూ బాగానే ఉండె. ఆడ తగులుకున్నదే ఇది," అంది. జయప్రకాష్ కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి రమ్మన్నాడు. ఎన్నాళ్ళో చెప్పలేదు. వెళితే ఇక పిలుపు రాదని ఆమెకు అర్థమైంది. దారిలో డాక్టరును చూద్దామని, తనతోపాటు అతనూ లోపలికి రావాలని పట్టుపట్టింది.

డాక్టర్ జనని కాగితం చదివి నెమ్మదిగా చెప్పింది. వైరస్ చేరిన కొన్ని వారాలకు రక్తంలో ఈ గుర్తు ఏర్పడుతుంది, తర్వాత ఏళ్ళ తరబడి ఉంటుంది. కొత్తగా సోకినప్పుడు కనిపించే ఐజీఎం లేదు కాబట్టి పాతదే కావచ్చు, అయితే దాన్నీ పూర్తిగా నమ్మలేం. గర్భం దీనివల్లే పోయిందనడానికి ఆధారం లేదు.

"ఆడిలో వచ్చుండొచ్చు గదా డాక్టరమ్మా?" అన్నాడు జయప్రకాష్, సంచి వంక చూస్తూ.

"వచ్చుండొచ్చు. ఈమె చిన్నప్పుడు ఎవరో ముద్దు పెట్టుకుంటే వచ్చుండొచ్చు. పెళ్ళయినాక మీనించీ వచ్చుండొచ్చు. ఈ పరీక్షకు నెలలు తెలీవు సార్. జ్వరమొస్తే పెదవి మీద లేచే పొక్కుల రకమా, ఇంకో రకమా అనేది కూడా తెలీదు."

"నాకెప్పుడూ పొక్కుల్లేవే."

"చానామందికి ఉండవు. మీరూ పరీక్ష చేయించుకోండి. ఉందో లేదో తెలుస్తుంది. ఎవరినించి ఎవరికొచ్చిందో అప్పుడూ తెలీదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. అలివేలుమంగ డాక్టరమ్మ చేతిలోని కాగితం వంక చూసింది. ఈ గదిలోంచి నిర్దోషిగా బయటికి రావాలనుకుంది. డాక్టరమ్మ ఆ మాట అనలేదు, అనడానికి వీల్లేదు కూడా. ఏ రక్తమూ తన తరఫున సాక్ష్యం చెప్పదు. ఆడి మాసంలో తను ఎలా ఉందో తనకు తెలుసు. అది చాలదని ఇన్నాళ్ళూ ఎందుకు అనుకుంది? నిరూపించుకున్నాకే ఇంట్లో ఉండే హక్కు వస్తుందని తనకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. వాళ్ళు తన సంచి సర్దుతుంటే ఊరుకుంది, అంతే.

బయటికి వచ్చారు. ఎండ కళ్ళలో పొడిచింది. జయప్రకాష్ ఆటోను ఆపి, సంచి వెనక సీట్లో పెట్టాడు. ఆమె మొహంలోకి చూడకుండా, తర్వాత ఒకరోజు తనూ రక్తం ఇస్తానని గొణిగాడు. ఇవ్వమంది. ఇచ్చినా ఇవ్వకపోయినా తను చేయబోయేది మారదని పైకి అనలేదు.

ఎక్కడికని డ్రైవరు తమిళంలో అడిగాడు. జయప్రకాష్ నోరు తెరిచాడు.

"సౌకార్‌పేట," అని చెప్పి, అలివేలుమంగ ఆటో ఎక్కి లోపలికి జరిగి కూర్చుంది.