తలుపు అవతల నుంచి విన్న గిటార్

మరిది ఆరింటికి వస్తానన్నాడు. అన్న వదిలివెళ్లిన రెండు ఎలక్ట్రిక్ గిటార్లలో ఒకటి వదిన దగ్గర ఉంటుంది. రెండోది అతని బ్యాండ్‌కు వెళ్తుంది. ఏది ఉంచుకుంటుందో ఆమే చెప్పాలి.

"వదినా, గిటార్‌కీ గరిటెకీ నీకు తేడా తెలీదు. నేను ఎంచి పెట్టనా?" అన్నాడు ఫోన్లో.

"గరిటె సంగతి నీకే బాగా తెలుసు, మీ అమ్మ చేతిలో దెబ్బలు తిన్నావుగా. నేనే ఎంచుకుంటాలే."

మూడింటికి రెండిటినీ మరమ్మతు దుకాణానికి తెచ్చింది. ఆమె భర్త అచ్చు యంత్రం మీద పనిచేసేవాడు. పోయి నాలుగు నెలలైంది. ఇరవై రెండేళ్లు రోజూ పని నుంచి వచ్చి గంటసేపు వాయించి, ఒకే పాటతో ముగించేవాడు. ఆ పాట వాయించిన గిటార్ ఆమెకు కావాలి. అది ఏదో తెలియదు.

మేస్త్రి రెండిటినీ బల్ల మీద పెట్టి తీగల కింద వేలితో తడిమాడు.

"రెండూ ఒకేలా అరిగాయమ్మా. ఇద్దరు పెళ్లాల మొగుడిలా ఎవరికీ తక్కువ చెయ్యలేదు మీ ఆయన." అనేసి నాలుక కరుచుకున్నాడు. ఆమె నవ్వింది.

"ఆ పాట మీకొచ్చా?"

"రాకేం? బాగు చేసిచ్చినప్పుడల్లా అదే వాయించి చూసేవారు. ఏది తెచ్చినా అదే."

మేస్త్రి మొదట తేలిక గిటార్ తీసుకున్నాడు. దాని స్వరాలు దేనికది విడిగా, గంట కొట్టినట్టు పలికాయి. ఆమె తల అడ్డంగా ఊపింది. రెండోది బరువుది. స్వరం లావుగా వచ్చి, తీగ వదిలాక కూడా నిలిచింది. అదీ కాదంది. మేస్త్రి మీటలు తిప్పాడు, స్పీకర్ మార్చాడు. ఏదీ కుదరలేదు.

"నాలుగు నెలలకే మర్చిపోయానా?" అందామె.

మేస్త్రి గిటార్ బల్ల మీద పెట్టాడు. తర్వాత అడిగాడు: "మీరు ఎక్కడుండి వినేవారు?"

"వంటింట్లో."

"ఆయన?"

"గదిలో, తలుపు వేసుకుని." ఆగింది. "నేనే వేసుకోమన్నా. కాపురానికొచ్చిన మొదటి వారం, తలనొప్పిగా ఉందని. మళ్లీ తియ్యమని నేను చెప్పలేదు. ఆయనా అడగలేదు."

మేస్త్రి రెండు గిటార్లూ, స్పీకరూ వెనక గదిలోకి చేరవేసి తలుపు వేశాడు. మొదటిసారి గోడలోంచి మోత మాత్రమే వచ్చింది. రెండోసారి పదును తలుపు దగ్గరే ఆగిపోయి, పాట మెత్తగా ఇవతలికి వచ్చింది. నాలుగో వరుస దగ్గర ఆమె చెయ్యి స్టవ్ మంట తగ్గించడానికి వెళ్లినట్టు ముందుకు వెళ్లింది. ఎదురుగా బల్ల ఉంది.

"ఇదే," అంది. తర్వాత గట్టిగా, "ఇదే!"

మేస్త్రి తలుపు తీశాడు. అతని చేతిలో తేలిక గిటార్ ఉంది.

"మొదట కాదన్నది ఇదేనమ్మా."

ఆమె దాని వంక చూసింది. "అంటే ఆయన రోజూ విన్నది..."

"ఇందాక తలుపు అడ్డు లేకుండా మీరు విన్నదే."

ఆమె వెనక గదిలోకి వెళ్లి స్టూలు మీద కూర్చుంది.

"మళ్లీ వాయించండి. తలుపు వెయ్యకండి."

మేస్త్రి చివరిదాకా వాయించాడు. ఆ స్వరం ఆమెకు కొత్త. కొత్త మనిషి మాట వింటున్నట్టు తల వంచి విన్నది. అయిపోయాక కూడా లేవలేదు. మేస్త్రి కూర్చున్న చోటే ఉండి స్పీకర్ కట్టేశాడు.

ఆరింటికి మరిది ఇంటికి వచ్చి, బరువు గిటార్ పెట్టె ఎత్తుకుంటూ అడిగాడు:

"ఇంతకీ రంగు చూసి ఎంచావా, విని ఎంచావా వదినా?"

"విని. ఇవాళే విన్నాను."

అతను నవ్వబోయి ఆమె ముఖం చూశాడు. పెట్టె కింద పెట్టి కూర్చున్నాడు.