జుమ్రాద్‌ను ఎవరూ తిట్టలేదు

గుల్‌బాద్ రాజ్యంలో జుమ్రాద్ చేసిన ఉద్యోగం ఖర్బూజాలు తట్టి చూడడం. వేలితో ఒక్కసారి తట్టి చెవి ఆనిస్తే చాలు, కాయ పండిందో లేదో చెప్పేసేది. ఒకనాటి విందులో చేతి అలవాటు కొద్దీ పక్కన కూర్చున్న వజీరుగారి బట్టతల మీద కూడా తట్టి, "ఇంకా పండలేదు" అనేసింది. సాయంత్రానికల్లా ఒక మూట, ఒక గాడిద ఇచ్చి ఆమెను సరిహద్దు దాటించారు.

అలా కనుమ ఎక్కి, అవతలున్న జెల్‌దూన్ రాజ్యంలోకి దిగింది. ఖర్బూజా అన్నదే పండని చలిదేశం. కొత్తగా బతుకు మొదలుపెట్టడానికి అంతకంటే మంచి చోటు ఉండదనుకుంది. మొదటి పూటే బూబుషా ఆపా అనే పెద్దావిడ తన గుడారంలో ఎత్తైన పరుపుల మీద కూర్చోబెట్టి, వేడి రొట్టె మీద మీగడ వేసి పెట్టింది. ఆ మీగడ కింద రొట్టె ఎక్కడుందో జుమ్రాద్ వెతుక్కోవలసి వచ్చింది. రెండో పూట, ఉన్ని తొక్కి కంబళ్ళు చేసే ఎలామన్ పక్క గుడారంలోంచి తల బయటపెట్టి, ముక్కుకు అంటిన సబ్బు నురగతో నవ్వాడు. అంతే, ఇక ఈ రాజ్యం వదిలేది లేదని ఆమె తేల్చుకుంది.

చిక్కల్లా అక్కడి చట్టంతోనే. జెల్‌దూన్‌కు బయటినుంచి వచ్చినవాళ్ళు అతిథులు. అతిథిని పల్లెత్తు మాట అనకూడదు. ఎవరైనా ఒక్కసారి మనస్ఫూర్తిగా తిడితే ఆ క్షణం నుంచి ఇంటి మనిషి. తొలి మంచు పడేలోగా ఒక్క తిట్టూ పడకపోతే, బహుమతులిచ్చి సగౌరవంగా స్వదేశానికి పంపేస్తారు. తిట్టు నిజమైనదో కాదో తేల్చేది ఖాన్‌గారి ఒంటె. రెండు మూపురాల ముసలిది, పేరు బోజ్, హోదా న్యాయాధికారి. తిట్టు నిజమైతే ఉమ్ముతుంది. ఆ ఉమ్మే రాజముద్ర.

జుమ్రాద్ చేయని వెధవ పని లేదు. గడప మీద నిలబడితే ఇంటికి అరిష్టమని తెలుసుకుని, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గడప మీదే నిలబడింది.

"పాపం, పాదాలు లాగేస్తాయమ్మా," అని ఆపా ఆ గడప మీద మెత్త వేసింది.

రొట్టెను బోర్లా పెట్టడం అక్కడ మహాపాపం. జుమ్రాద్ అయిదు రొట్టెలు బోర్లించింది. ఆపా గుటకలు మింగి, "మీ వైపు ఇలాగే పెడతారు కాబోలు. అందంగానే ఉంది," అంది. ఆ రోజు వాడ వాడంతా రొట్టెలు బోర్లించుకునే తిన్నారు.

టీ మాత్రం ఏ ఇంటికి వెళ్ళినా సగం గిన్నెడే పోసేవారు. తాగితే మళ్ళీ సగం. టీ ఆకు కరువు కాబోలని జుమ్రాద్ లోలోపల జాలిపడేది. తనే పోద్దామంటే, అతిథి చేతిని టీ కాగే సమోవార్ దరిదాపులకు రానిచ్చేవారు కాదు.

చివరికి జుమ్రాద్ ఎలామన్‌ను ఒంటె ముందుకు లాక్కెళ్ళింది.

"తిట్టు ఎలామన్, నీకు పుణ్యముంటుంది."

"మీరు... మీరున్నారు చూశారూ..."

"ఊఁ, అను!"

"కొంచెం... ఎక్కువేం కాదు లెండి... పొట్టి."

బోజ్ ఆవలించి పడుకుంది.

"అది తిట్టా నాయనా, కొలత!" అని వెంట వచ్చిన ఆపా నెత్తి కొట్టుకుంది.

"పోనీ మీరు తిట్టండి ఆపా."

"నావల్ల కాదే తల్లీ. నీ మొహం చూస్తే నాకు మీగడే గుర్తొస్తుంది."

ఇంకో దిగులు కూడా ఉంది. ఆ దేశంలో గుడారాలకు మనసు మళ్ళిన వైపు నడిచే అలవాటు. ఎవరూ చూడనప్పుడు అంచులు కుచ్చిళ్ళలా ఎత్తిపట్టుకుని జానెడు జానెడు జరుగుతాయి. ఎలామన్ గుడారం ఆమె వైపు జరిగేది. తెల్లారేసరికి అతను తాళ్ళు కట్టి వెనక్కి లాగేసేవాడు. తన పక్కన ఉండడం ఇష్టం లేకే కదా అని ఆమె ముక్కు ఎగబీల్చుకునేది.

ఒక ఉదయం కనుమ మీద మబ్బు తెల్లగా దిగింది. ఇక మంచు పడబోతోందని గాడిద మీద బహుమతులుగా ఏడు కంబళ్ళు, వెన్న నింపిన తోలు తిత్తి ఎక్కించారు. సాగనంపడానికి బోజ్ కూడా హోదాగా వచ్చి గుమ్మం బయట నిలబడింది. ఎలామన్ వీడ్కోలుకు వచ్చి, పరుపు చివర ముడుచుకుని కూర్చున్నాడు.

"పోయేదాన్నే కదా ఆపా. ఈ ఒక్కసారి టీ నా చేత్తో పోయనివ్వండి," అంది జుమ్రాద్.

అతిథి కోరిక కాదనకూడదు. ఆపా తప్పుకుంది. గుల్‌బాద్‌లో గిన్నె ఎంత నిండితే ప్రేమ అంత. జుమ్రాద్ నాలుక కొరుక్కుంటూ, అంచు దాటి ఉబ్బేంతగా పోసి, చుక్క తొణక్కుండా అతని చేతిలో పెట్టింది.

ఎలామన్ గిన్నెను చూశాడు. ఆమెను చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నిండానా?" అన్నాడు. "అంచుదాకానా? సగం పోస్తే కూర్చో, మళ్ళీ పోస్తానని. నిండా పోస్తే తాగేసి లేచి పొమ్మని! నన్నేనా పొమ్మంటున్నావు? మతుందా నీకు? మూడు నెలలుగా నా గుడారం సిగ్గు లేకుండా నీ దగ్గరికి పరిగెడుతుంటే, అతిథి ముందు పరువు పోతుందని రోజూ లాగి లాగి నా నడుము పట్టేసింది! ఆ ఏడు కంబళ్ళూ ఎవరు తొక్కారనుకున్నావు, మీ వజీరా? కాయలన్నీ తట్టి చూస్తావే, ఎదురుగా ఉన్న మనిషిని ఒక్కసారి తట్టి చూశావా, మొద్దు మొహమా!"

తలుపు తెర చీల్చుకుని బోజ్ తల లోపలికి వచ్చింది. నమిలిన గడ్డితో సహా, పచ్చగా, వెచ్చగా, ఇద్దరి మీదా ఉమ్మింది.

తర్వాత ఆపా ఊపిరి పీల్చుకుని లేచింది.

"దిగవే ఆ పరుపుల మీంచి! రొట్టె బోర్లిస్తావా, రొట్టె! గడప మీద నిలబడతావా? నా మోకాళ్ళ నొప్పులు ఆ రోజు నుంచే! ఈలలు వేయడమేమిటి నా వంటింట్లో!"

ఈ కేకలు విని వాడంతా గుమ్మం ముందు చేరింది. మూడు నెలలుగా దాచుకున్న తిట్లు ఒక్కొక్కరూ వరసగా వచ్చి దించుకున్నారు. చివరికి ఖాన్‌గారి వంటమనిషి కూడా కొండ దిగి వచ్చి ఒకటి తిట్టి వెళ్ళాడు. జుమ్రాద్ చెంప మీద గడ్డి తుడుచుకోవడం కూడా మరిచి, మీగడ తిన్నట్టు వింటూ కూర్చుంది.

"క్షమించండి," అని గొణిగాడు ఎలామన్. "మీరు అతిథి... నేను..."

"మళ్ళీ 'మీరు' అన్నావంటే నీ గుడారాన్ని నేనే లాగేస్తా."

ఆమె వంగి అతని ఛాతీ మీద వేలితో ఒక్కసారి తట్టింది. చెవి ఆనించి విన్నది. ఏం వినబడిందో ఎవరికీ చెప్పలేదు. అతని చేతిలోని టీని సగం తన గిన్నెలోకి ఒంపుకుని, మిగతా సగం అతనికి తిరిగి ఇచ్చింది.

బయట మంచు మొదలైంది. పక్క గుడారం కుచ్చిళ్ళెత్తి గబగబా వచ్చి ఆపా గుడారాన్ని ఢీకొట్టింది. ఈసారి తాడు పట్టుకోవడానికి ఎవరూ లేవలేదు.