తగల్లేదని చెప్పిన తూటా

ఎదురుగా నిలబడ్డ దుప్పిని కూడా కొట్టలేకపోయిన మొనగాడని జనార్దనరావుకి రెండు నెలలుగా పేరు పడిపోయింది. సింగపూర్ యీషున్‌లో తనుండే ఫ్లాట్ల లిఫ్టు దగ్గర కనపడ్డవాళ్లు సైతం అదే అడుగుతున్నారు. అతను అందరితో పాటు నవ్వేస్తాడు. ఆ వెక్కిరింత నడిచినన్నాళ్లూ అసలు సంగతి ఎవరూ అడగరని లోపల ధీమా.

ఆ ఆదివారం మధ్యాహ్నం హౌగాంగ్‌లో హేమమాలిని ఫ్లాట్‌లో భోజనాలు. సింగపూర్ వచ్చిన కొత్తలో అతను ఆవిడ ఇంట్లోనే ఒక గదిలో అద్దెకున్నాడు. ఆవిడ తమ్ముడు చంద్రశేఖర్ ముందుగానే రిటైరై న్యూజిలాండ్ కొండల్లో గొర్రెల ఫారం కొనుక్కుని అక్కడే స్థిరపడ్డాడు. ఏడాదికోసారి అక్కను చూసిపోతాడు, ఇప్పుడూ అలాగే వచ్చాడు. జనార్దనరావుని వేటకు తీసుకెళ్లింది ఆయనే.

వెంటపడింది మాత్రం జనార్దనరావే. ఆయన దగ్గర పాత మిలిటరీ రైఫిలుందనీ, అది త్రీనాట్‌త్రీ అనీ తెలిసిన రోజు నుంచీ అతనికి కాలు నిలవలేదు. బొబ్బిలిలో కానిస్టేబులుగా చేసిన నాన్న ముప్పయ్యేళ్లు అదే తుపాకీ భుజాన మోశాడు. ఒక్కనాడూ ఒక ప్రాణి మీద పేల్చలేదు. నాన్న పేల్చనిది తను పేల్చి చూడాలని ముచ్చటపడి, ఏప్రిల్‌లో సెలవు పెట్టి మరీ వెళ్లాడు.

కంచాల్లో రొయ్యల ఇగురు పడగానే జనార్దనరావు కూతురు తన్మయి మొదలుపెట్టింది.

"అంకుల్, అంత పెద్ద డీర్‌ని నాన్న నిజంగా మిస్సయ్యాడా? సో బిగ్ లా!"

"మీ నాన్న కళ్లకి బల్లిపిల్లంత కనబడిందేమోనే" అంది అతని భార్య ఉమ.

అందరూ నవ్వారు, చంద్రశేఖర్ తప్ప. ఆయన అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏమిరా, మకాన్ చెయ్యవా, తినవా? వచ్చినప్పట్నుంచీ ఇదే మొగం" అని కసిరింది హేమమాలిని.

"గ్రాహంతో మాటల్లేవక్కా" అన్నాడాయన.

గ్రాహం పక్క ఫారం ముసలాయన. ఆ పేరు వినగానే జనార్దనరావుకి బూట్లు గుర్తొచ్చాయి. వేట రోజు పొద్దున, సింగపూర్‌లో కొన్న పల్చటి బూట్లతో తను వణుకుతుంటే, తన బూట్లు విప్పి తొడుక్కోమని ఇచ్చింది ఆ మనిషే.

"జనా వచ్చి వెళ్లిన పదిహేడో నాడు" చంద్రశేఖర్ మెల్లగా చెప్పాడు, "మగ దుప్పి ఒకటి వాగులో నిలబడి ఉండింది. కింది దవడ లేదు. నీళ్లలో మూతి పెడుతుంది, తాగలేదు. మళ్లీ పెడుతుంది, తాగలేదు. ఎముకలు తప్ప ఏం మిగల్లేదు దానికి. పావం, నేనే కాల్చి దాని బాధ తీర్చినాను. ఎవడో కొట్టి, వెతక్కుండా పోయినాడు. ఆ లోయలో నేను కాకుండా వేటాడేది గ్రాహం ఒక్కడే. అడిగితే నేను కాదన్నాడు. ఇరవయ్యేళ్ల స్నేహం అక్కా. మొగం మీదనే అబద్ధాలకోరువని అనేసినాను. రెండు ఫారాల మధ్య గేటుకి తాళం వేసినాను."

"మూగజీవిని అలా వదిలేసినవాడికి అన్నం ఎలా దిగుతుందో!" అంది ఉమ.

జనార్దనరావు ఎత్తిన ముద్దని మళ్లీ కంచంలో పెట్టేశాడు.

వేటకు ముందు చంద్రశేఖర్ రెండే మాటలు చెప్పాడు. నేను నీ పక్కకి వచ్చేదాకా కాల్చకు. కాల్చాక తగిలిందో లేదో నిజం చెప్పు, తగిలితే అది దొరికేదాకా చీకటైనా వానైనా ఇద్దరం నడవాల్సిందే. ఆయనింకా గుట్ట కింద రొప్పుతూ ఎక్కుతున్నాడు. పైన దుప్పి రంకె వేసి బయటికొచ్చింది. జనార్దనరావు ఆగలేకపోయాడు. పేలగానే దుప్పి తల విసురుగా తిరిగింది. మూతి కింద ఏదో చిరిగిన గుడ్డలా వేలాడింది. అది లోయలోకి దిగిపోయింది.

"తగిలిందా, లేదా?" అన్నాడు చంద్రశేఖర్, పైకొచ్చి.

సన్నగా వాన మొదలైంది. మర్నాడు ఫ్లైటు. లోయ నిట్టనిలువుగా దిగుతోంది. అన్నిటికీ మించి, చెప్పిన మాట వినకుండా కాల్చానన్న సిగ్గు.

"లేదంకుల్. పైనుంచి పోయింది."

రక్తం మరకలైనా చూద్దామనలేదు ఆయన. "సరే, నీ మాట చాలు" అని భుజం తట్టాడు.

"గుడ్ థింగ్ నాన్న మిస్సయ్యాడు" అంటోంది తన్మయి. "లేకపోతే అంకుల్ నిన్నే స్కోల్డ్ చేసేవారు, కదా నాన్నా?"

ఊ అంటే సరిపోయేది. గ్రాహం ఎక్కడో సముద్రాల అవతల ఉన్నాడు. మళ్లీ ఎదురుపడే మనిషి కాదు.

"నేను మిస్సవ్వలేదమ్మా" అన్నాడు జనార్దనరావు. "తగిలింది. దవడకే తగిలింది. నేను చూశాను."

చంద్రశేఖర్ తిట్టలేదు. లేచి చెయ్యి కడుక్కొచ్చి, ఫోన్‌లో గ్రాహం నంబరు నొక్కి స్పీకర్ పెట్టి బల్ల మీద అతని ముందుకు జరిపాడు.

"చెప్పు."

"అంకుల్, మీరు ఒక్క మాట ముందు..."

"గేటు మూసింది నేను. దానికి నేను విడిగా గ్రాహం కాళ్లు పట్టుకుంటాను. ఇది నీది."

ముసలి గొంతు పలికింది. జనార్దనరావు ఇంగ్లీషులో తడబడుతూ మొత్తం చెప్పాడు. అవతల కుక్క మొరుగుతోంది.

"తగిలిందని నీకు అప్పుడే తెలుసా?" అన్నాడు గ్రాహం.

"తెలుసు."

"ఆ రోజు నీ కాళ్లకున్నవి నా బూట్లే కదా?"

"అవును."

"మంచి బూట్లవి. ఎంత దూరమైనా నడిచేవి" అని ఫోన్ పెట్టేశాడు.

తన్మయి తండ్రి వైపు చూడకుండా కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. జనార్దనరావు ఎంగిలి చెయ్యి ఎండిపోయింది. లేచి కడుక్కోమని ఎవరూ అనలేదు.