తెరిచేసిన పెట్టె

ఉతికిన మేజోళ్ళకు జత కలపడం ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే వచ్చిన విద్య. మిగతావాళ్ళకు అది రాకుండా ఉండటం వాళ్ళు నేర్చుకున్న విద్య. గుట్టంతా మంచం మీద పోసుకుని ముదురు నీలానికి ముదురు నీలం వెతుకుతుంటే, భర్త గుమ్మంలో నిలబడి గడియారం చూసుకున్నాడు. “కంటికి కనపడని కణాలు పట్టుకుంటావు, నా మేజోడు దొరకదా నీకు?” అన్నాడు. పెళ్ళయిన కొత్తలో అతను మొదటిసారి ఈ జోకు వేసినప్పుడు ఆమె నవ్వింది. ఆ ఒక్కసారి నవ్విన పాపానికి ఇప్పటికీ వింటోంది.

ఆ రోజు మాత్రం కోపం తెచ్చుకునే తీరిక కూడా లేదామెకు. పది గంటలకు పెట్టె తెరుస్తారు.

పెట్టె అంటే తాళం వేసే పెట్టె కాదు. ఆమె పని కణభౌతికశాస్త్రంలో. బి మెసాన్ అని ఒక బరువైన కణం ఉంది. పుట్టిందో లేదో విరిగిపోయి, తేలికపాటి కణాలుగా విడిపోతుంది. అది ఎన్ని రకాలుగా విరుగుతుందో చాలావరకు తెలిసిందే. కానీ వందల కోట్లలో ఏ ఒక్కటో విరిగే తీరు ఒకటుంది. లెక్క ప్రకారం ఉండాలి, ఎవరి కంటా పడలేదు. దానికోసమే ఆమె ఆరేళ్ళుగా కూర్చుంది. అయితే మనిషి మనసు కోతి. ఏది కావాలనుకుంటే అదే కనిపిస్తుంది. అందుకని ఆ పనిలో ఉన్నవాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఆ అరుదైన సంఘటనలు పడవలసిన చోటును కంప్యూటర్లో మూసేసి ఉంచుతారు. దానికే పెట్టె అని పేరు. ఏది అసలుదో, ఏది వేషం వేసుకొచ్చిందో తేల్చే గీత ఎక్కడ గీయాలో ముందే నిర్ణయించుకుని, ఇక మార్చబోమని ఒప్పుకున్నాకే తెరుస్తారు. అంతదాకా అందరి కళ్ళకూ గంతలే. తెరిచాక గీత జరపడం మహాపాపం.

కాబట్టి ఆరేళ్ళూ ఆమె చేసింది వేషగాళ్ళను ఏరడమే. బి మెసాన్ అలా విరిగితే మ్యూయాన్లు అనే కణాలు పుట్టాలి. మ్యూయాన్లమని చెప్పుకుని చొరబడే పయాన్లు అనే వేరే కణాలు ఎన్నో, ఎక్కడినుంచి వస్తాయో, ఏ గీత దగ్గర వాటిని ఆపాలో ఒక్కొక్కటే తేల్చింది. అదే పని పక్కగదిలో మగవాళ్ళు చేస్తే దాన్ని పద్ధతి అన్నారు. ఆమె చేస్తే, “మీ ఆడవాళ్ళకు ఓపిక ఎక్కువమ్మా” అన్నారు. ఇక ఇంట్లో అత్తగారు పండగకో పబ్బానికో గుర్తొచ్చినట్టు అడిగేది, “ఇంతకీ దొరికిందా అమ్మాయ్?” అని. “ఇంకా చూడలేదు అత్తయ్యా” అంటే, “చూడకుండానే జీతమిస్తున్నారా! అదృష్టవంతురాలివి” అని నిజంగానే ముచ్చటపడేది. ఆవిడ మీద ఆమెకు కోపం రాలేదు. ఆవిడ కనీసం అడిగింది. నిన్న రాత్రి భర్తకు వడ్డిస్తూ, “రేపే పెట్టె తెరుస్తాం” అని చెబితే, అతను “ఊఁ” అని ఉప్పు అందుకున్నాడు. ఆరేళ్ళ ఎదురుచూపు ఆ ‘ఊఁ’లో ములిగిపోయింది. ఇల్లంతా మనుషులే, చెప్పుకోడానికి మాత్రం ఒక్కరూ లేరు. ఆ సంగతి ఆమెకు కొత్త కాదు గానీ, సంతోషం కూడా ఒంటరిగా పడాలంటే కష్టమని ఆ రాత్రే తెలిసింది.

నిన్న ఆడపడుచు కుటుంబం భోజనానికి వచ్చింది. అందుకని ఆమె సెలవు పెట్టి రోజంతా వంటింట్లోనే ఉంది. ఈ పూట మంచి బట్టలు తీసి కట్టుకుని, ఎవరికీ చెప్పని పెళ్ళికి వెళ్తున్నట్టు పరిశోధన సంస్థకు వెళ్ళింది.

సమావేశపు గదిలో గ్రూపు పెద్ద, గణాంకాలు చూసే సహోద్యోగి ముందే కూర్చుని ఉన్నారు. గ్రూపు పెద్దను అందరూ పెద్దాయన అంటారు. గణాంకాలాయనకు కళ్ళజోడు అని పేరు. బల్ల మీద ఒక పళ్ళెంలో కేకు ముక్క, దానిమీద ఒక కాగితం మూత. మిగిలినదంతా ఎవరో తినేసిన గుర్తులు.

“రామ్మా, కూర్చో. నిన్ననే తెరిచేశాం. నాకీ పూటే ప్రయాణం పడింది. నీకు ఫోను చేశానుగా, మీ ఆయన తీశారు. ఇంట్లో చుట్టాలున్నారు, ఇప్పుడు కదల్లేదు, మీరు కానిచ్చేయండి, తనేమీ అనుకోదు అన్నారు. చాలా మర్యాదస్తుడు. ఇదిగో, కేకు నీ కోసం ఉంచాం,” అన్నాడు పెద్దాయన.

ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత చెవులు వేడెక్కాయి. తను పొయ్యి ముందు నిలబడి ఎవరికి కూర చాలుతుందో చూసుకుంటున్న గంటలో, పక్కగదిలో భర్త ఒక చేత్తో ఫోను పట్టుకుని ఆమె ఆరేళ్ళనూ ఎవరికో ధారపోశాడు. పోనీ పగతో చేశాడా అంటే అదీ కాదు. ఫోను కింద పెట్టాక మర్చిపోయాడు, అంతే. రాత్రి ఉప్పు అందుకున్నప్పుడు కూడా గుర్తురాలేదు. పగ పట్టినా ఇంతకన్నా నయమేమో అనిపించిందామెకు.

“చూపించండి,” అంది.

పెద్దాయన చెయ్యెత్తాడు. “ఉండమ్మా, తొందరపడకు. నువ్వు చూడకపోవడమే ఇప్పుడు మన అదృష్టం.” కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “మ్యూయాన్ గీత మరీ బిగించావేమోనని మాకనిపిస్తోంది. మేం చూసేశాం, మేం జరిపితే తప్పు. నువ్వు చూడలేదు. నీకై నువ్వు ఆలోచించుకుని కాస్త వదులు చేశానంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. ఎంత, ఆవగింజంత. సదస్సులో నువ్వే చెబుదువుగాని.”

కళ్ళజోడు బల్ల వంక చూస్తూ కూర్చున్నాడు. అక్కడ చూడ్డానికి కేకు తప్ప ఏమీ లేదు.

జరపమని అడగడంలోనే అంతా చెప్పేశాడు. కావలసినవి ఒకటో రెండో గీతకు అవతల ఆగిపోయి ఉంటాయి. ఆవగింజంత జరిపితే లోపలికొస్తాయి, ఇంతవరకు ఎవరూ చూడనిది చూశామని చెప్పుకోవచ్చు. ఆమెకు నోరూరలేదంటే అబద్ధం. వేదిక మీద తను, తెర మీద ఫలితపు గ్రాఫు, లేచి చప్పట్లు కొడుతున్న జనం, ఒక్క క్షణం అన్నీ కనబడ్డాయి. కానీ ఆ గీత అక్కడే ఎందుకుందో ఈ భూమ్మీద ఆమె కన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. దానికి కాస్త కింద పయాన్లు తీర్థప్రజలా తోసుకొస్తాయి. పైగా ఇదెక్కడి న్యాయం? ఆమెను బయట నిలబెట్టి తలుపేసుకున్నదీ వాళ్ళే, బయట నిలబడింది కాబట్టి నువ్వే పవిత్రురాలివని పిలుస్తున్నదీ వాళ్ళే.

“గీత జరగదు సార్,” అంది.

“ఆలోచించమ్మా.”

“ఆరేళ్ళు ఆలోచించాకే గీశాను. ఉన్నది ఉన్నట్టు ప్రచురిద్దాం. నేను లేకుండా తెరిచారనీ, తెరిచాక జరపమని అడిగారనీ సమీక్ష సంఘానికి నేను రాస్తాను.”

“మన ముగ్గురి మధ్య మాట నలుగురిలో పెడతావా? మీ ఆయన ఒప్పుకున్నారు కదమ్మా!”

“మా ఆయన ఈ ప్రయోగంలో సభ్యుడు కాదండీ.”

కళ్ళజోడు నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. పెద్దాయన సంచి సర్దుకుని, “ఇంత పట్టుదల పనికిరాదు, మనుషులు దూరమవుతారు,” అని వెళ్ళిపోయాడు. కాసేపటికి కళ్ళజోడు కూడా, “మీరన్నదే నిజం, కానీ నేను కాంట్రాక్టు మీద ఉన్నాను,” అని గుమ్మంలో గొణిగి వెళ్ళాడు.

అప్పుడు ఒక్కతే కంప్యూటర్లో ఆ గ్రాఫు తెరిచి చూసింది. పెట్టె ఉన్న చోట గ్రాఫు చిన్నగా ఎత్తు లేచి ఉంది. ఉందనడానికి చాలదు, లేదనడానికి ఒప్పుకోదు. దూరమయ్యేందుకు తనకు దగ్గరి మనుషులెవరని వెతికితే ఎవరూ తట్టలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది. తర్వాత ఆకలేసి కేకు తినేసింది. అంచులు ఎండిపోయాయి. ఆ తర్వాత సమీక్ష సంఘానికి రాసింది. కణాలను ఢీకొట్టించి ఈ డేటా ఇచ్చే యంత్రం మళ్ళీ మొదలవబోతోంది, కొత్త డేటా వస్తుంది, దానికి కొత్త పెట్టె ఉంటుంది. ఆ యంత్రం ఉన్న ఊళ్ళో రెండేళ్ళ ఉద్యోగం ఆమెకు ఇంతకుముందు రెండుసార్లు వచ్చింది. ఇల్లు వదల్లేనని చెప్పి రెండుసార్లూ వదులుకుంది. ఈసారి వస్తానని రాసింది. గెలిచినట్టేమీ అనిపించలేదు.

సాయంత్రం భర్త చెప్పులు విప్పుతూ, “ఏమిటి, దొరికిందా?” అన్నాడు.

“నిన్న నాకు ఫోనొచ్చిందట.”

“ఆఁ, అవును. చెప్పడం మర్చిపోయాను. అంత ముఖ్యమా?”

ఆమె ఆ ప్రశ్నను అక్కడే వదిలేసి, వచ్చే నెల వెళ్తున్నానని, రెండేళ్ళని, ఒప్పుకున్నానని చెప్పింది. అతను విప్పిన చెప్పు చేతిలో పట్టుకుని తలెత్తి చూశాడు. కోపం వచ్చి ఉంటే ఆమె తట్టుకునేది. అతని ముఖంలో ఉన్నది నిజమైన దిగులు.

“మరి ఇల్లెవరు చూస్తారు?” అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. జవాబు ఎప్పుడూ ఎదురుగా తిరుగుతూ ఉండేది మరి.