ఎనిమిది గజాల అవతల

నాలుగు కొట్టేసరికి సుబ్బన్న చెప్పులేసుకునేవాడు. చెప్పులతోపాటే తిట్లూ మొదలయ్యేవి. మొదట ఎండను తిట్టేవాడు. తర్వాత పులివెందుల బస్టాండు ముందర దారికడ్డంగా నిలబెట్టే ఆటోలను. ఊరు దాటి మట్టిరోడ్డెక్కినాక, ఇక తీరిగ్గా, మాటమాటా నమిలి నమిలి, ఫుట్‌బాల్ కోచ్ అస్లాంను. ఆయన వెనక పదడుగుల దూరంలో భార్య పెంచలమ్మ నీళ్ళసీసా పట్టుకుని నడిచేది. ఇద్దరూ పోయేది ఒక చోటికే. ఒకప్పుడది బత్తాయిలు కాసిన వాళ్ళ చీనీతోట. ఇప్పుడు చీనీతోట క్లబ్బు గ్రౌండు.

తోట ఎండిపోయి పదకొండేళ్ళు. చెట్లు కొట్టి కట్టెలకమ్మినాక ఆ నేల మీద కంపచెట్లు కూడా ఇష్టం లేకుండానే మొలిచాయి. పోయినేడు ఎవరో పెద్దమనుషులు ఊరి నడుమనున్న ఆటస్థలంలో దుకాణాలు కడతామని చుట్టూ రేకులు కొట్టేస్తే, క్లబ్బు ఆటగాళ్ళు బంతి చంకన పెట్టుకుని రోడ్డున పడ్డారు. సుబ్బన్న ఆ రేకుల ముందు నిలబడి ఒక పూటంతా అరిచాడు. అరిచినందుకు రేకు ఒక్కటి కదల్లేదు. మర్నాడు ఆటగాళ్ళను పిలిచి, "నా చేన్లో ఆడుకోండప్పా. ఆడ నీళ్ళు తప్ప అన్నీ ఉండాయి" అన్నాడు.

గోలుపోస్టుకు స్తంభాలు కావాల్సి వచ్చాయి. అవీ ఆ చేన్లోనే ఉన్నాయి. సుబ్బన్న వేయించిన చివరి రెండు బోర్ల ఇనుప పైపులు. వాటిలో మొదటి బోరు ఐదువందల ఎనభై అడుగులకు దిగినా దుమ్మే లేచింది. అప్పుడు పెంచలమ్మ రిగ్గు లారీవాళ్ళ దగ్గరికి పోయి, "ఇంకొక రాడ్డు దింపండప్పా" అని బతిమాలింది. రాడ్డంటే ఇరవై అడుగులు. సుబ్బన్నకు ఒళ్ళు మండింది. నీకేం తెలుసు, ఈ పాయింటు చచ్చిపోయింది అని అందరి ముందరా ఆమె మీద కేకలేశాడు. లారీని జరిపించి, ఎనిమిది గజాల అవతల కొత్త పాయింటులో దింపించాడు. అది ఏడువందలు పోయినా తడి చూపించలేదు. ఇంక బోర్ల మాట నా నోట రాదు అని ఆ పొద్దు పెంచలమ్మ ఒట్టేసింది. పదకొండేళ్ళుగా ఆ మాట మీదే ఉంది.

అస్లాం వచ్చి టేపు పట్టి కొలిస్తే రెండు పైపుల నడుమ సరిగ్గా ఎనిమిది గజాలు. ఫుట్‌బాల్ గోలు వెడల్పూ అంతే. ఇంకేం, వేరే గుంతలు తవ్వే పని లేకుండా పైపులను పైకి లాగి, ఆ బోరుగుంతల్లోనే నిలబెట్టి, అడ్డంగా ఇంకో పైపు వెల్డింగు చేయించారు. అవతలి గోలుకు మామూలు సరుగుడు గుంజలు.

బంతి తగిలితే కుడి స్తంభం అన్ని ఇనుముల్లాగే ఠంగుమనేది. మొదటి బోరుదైన ఎడమ స్తంభం అట్లా కాదు. తగిలిన మరుక్షణం లోపలెక్కడో, శానా కింద, నీటిచుక్కలు ఒకదాని వెనక ఒకటి రాలిన చప్పుడు వచ్చేది. నీళ్ళు ఇంకా ఎన్నడుగుల కింద ఉంటే అన్ని చుక్కలు. దీన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. బోరన్నాక ఏదో ఒకటి చెప్తుంది, వినే ఓపిక ఉండాలి, అంతే. ప్రొద్దుటూరు జట్టు గోల్‌కీపర్ ఒకతను ఆ చప్పుడుకు దాహమేసి, ఆట మధ్యలోనే పెంచలమ్మ సీసా అడిగి తాగాడు.

కానీ చుక్కలు లెక్కపెట్టే భాగ్యం ఊరికి దక్కలేదు. మొదటి ఆటలో మొదటి దెబ్బకు మూడో చుక్క వినపడగానే సుబ్బన్న దిగ్గున లేచి అస్లాం ఏడు తరాలనూ ఎత్తుకున్నాడు. ఆ తర్వాత అదే వరస. బంతి ఎడమ స్తంభానికి తగలడం, సుబ్బన్న గొంతు లేవడం. ఆ గొంతు ముందర చుక్కలు కాదు, ఉరుములే వినపడవు. ప్రాక్టీసుకు ఆ గోలు వాడొద్దు, రంగు పోతుంది అని కూడా చెప్పాడు. ఆ పైపులకు ఏనాడూ రంగు వేయలేదు. గోలు వెనక నాపరాతి బండ మీద కూర్చునే పెంచలమ్మ మాత్రం వినేది. ఆమె చెప్పదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, మూడూళ్ళ జట్లు ఆడే లీగులో చీనీతోట క్లబ్బు అప్పటికి తొమ్మిది ఆటలు ఆడింది. ఒక్కటీ గెలవలేదు. గొర్రెల మందల ఇంటినుంచి వచ్చిన వెంకటకృష్ణ, జట్టులో గోల్స్ కొట్టాల్సినవాడు, ఆ ఎడమ స్తంభానికి పదకొండు సార్లు కొట్టాడు. అస్లాం అతన్ని మార్చలేదు. గురి కూడా మార్పించలేదు. ఎడమ మూల, కింద, అక్కడే కొట్టు అనేవాడు. ఎందుకని అడిగితే నవ్వేవాడు.

అస్లాం ప్రొద్దుటూరులో కాలిపోయిన బోరుమోటార్లకు రాగితీగ చుట్టే మనిషి. పద్నాలుగేళ్ళు కువైట్‌లో ఉండి, అక్కడి లేబర్ క్యాంపుల్లో సాయంత్రాలు బంతాట నేర్పి, నలభై ఎనిమిదో ఏట ఇంటికొచ్చాడు. ఈ ఒక్క ఏడు చూస్తా, ఈ కోచ్ పని నిలబడితే ఈడ్నే ఉంటా, లేకుంటే మళ్ళీ పోతా అని భార్య అఫ్సానాకు చెప్పాడు. అంతకాలం భర్తను ఫోన్లోనే చూసిన అఫ్సానా, పాస్‌పోర్టు తీసి బియ్యండబ్బాలో అడుగున పెట్టింది. బామ్మర్ది కువైట్‌లో వీసా సిద్ధం చేసి కూర్చున్నాడు.

శుక్రవారం బస్టాండు దగ్గర జమాల్ టీకొట్లో క్లబ్బు మనుషులంతా చేరారు. కోచ్‌ను ఉంచాలా, పంపాలా. జమాల్ టీ వంచుతూనే సుబ్బన్నతో మొదలుపెట్టాడు. "తొమ్మిది రాడ్లు దింపినాం మామా. దుమ్మే లేస్తాంది. ఇంకెంత లోతు పోతావు? పాయింటు మార్చాల."

చాలామంది తలలూపారు. ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు బోర్లు వేసి మునిగినవాళ్ళే. వాళ్ళకు అర్థమయ్యే లెక్క అదొక్కటే. ఒకాయన, రాయి తగిలింది, రాయి తర్వాతే నీళ్ళుంటాయి, ఇంకో నాలుగాటలు చూద్దామన్నాడు. ఇంకొకాయన, జమ్మలమడుగులో మంచి కోచ్ ఉన్నాడు, నీళ్ళు చూసేవాళ్ళలా టెంకాయ చేతిలో పెట్టకుండానే పాయింటు చెప్తాడన్నాడు. గంపలో ఉడకేసిన సెనక్కాయలు పెట్టుకుని గడప దగ్గర కూర్చున్న షాహీదాబీ అంతా విని ఒకే మాట అంది.

"పాయింట్లు మార్చి మార్చే గదా, చేన్లు వదిలేసి ఈడ టీలు తాగుతాండారు."

అందరూ నవ్వారు. సుబ్బన్న నవ్వలేదు. ఆ మాట ఎవరికి తగలాలో అక్కడే తగిలింది. ఆయన లేచి నిలబడ్డాడు. రేకులు కొట్టిన పెద్దమనుషుల నుంచి మొదలుపెట్టాడు. ట్యాంకరు నీళ్ళు చల్లిస్తామని చెప్పి మొహం చాటేసినవాళ్ళ మీదికి వచ్చాడు. మోకాళ్ళు చెక్కుకుపోయి కట్లతో తిరిగే ఆటగాళ్ళను ఒక్కొక్కరినే పేరు పెట్టి చెప్పాడు. చివరికి అస్లాం దగ్గర ఆగాడు. "పొద్దస్తమానం ఎడమ మూలే అంటాడు. కుడి మూల ఏం పాపం చేసిండాది? మొండోడికి జట్టిస్తే మనకు మిగిలేది బండ. పంపించండి ఆయప్పను."

అదే మాటను రెండు గంటలు రకరకాలుగా చెప్పాడు. పెంచలమ్మ నడుమ నడుమ సీసా ముందుకు తోస్తే వెనక్కి తోశాడు. ప్రొద్దుటూరు బస్సు దిగి అస్లాం లోపలికొచ్చినా ఆపలేదు. అస్లాం నిలబడే టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి, ఆట ఆదివారం గదా, ఈ పొద్దు ప్రాక్టీసుంది అని గ్రౌండుకు పోయాడు. ఆ నెమ్మది సుబ్బన్నకు పుండు మీద కారం. ఇంకా గట్టిగా అరవబోయాడు. నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. గొంతు పోయింది. జమాల్ కాసేపు ఆయన శాంతించాడనుకున్నాడు.

ఆదివారం జమ్మలమడుగు చేతిలో ఓడిపోతే కోచ్ పోవాల్సిందే అని తీర్మానమైంది. ఆఖరి మాట సుబ్బన్నది, నేల ఆయనది కాబట్టి. సరేనని చెప్పడానికి గొంతు లేక తలూపాడు.

ఆదివారానికీ గొంతు రాలేదు. మిరియాల కషాయం, తేనె, అల్లం, అన్నీ అయ్యాయి. గాలి తప్ప ఏమీ రాలేదు.

మొదటి సగంలో జమ్మలమడుగు వాళ్ళు కొట్టిన బంతి మామూలుగా దొర్లుతూ వచ్చి, బండలాంటి నేలకు ఎగిరి, మన గోల్‌కీపర్ తల మీదుగా పోయింది. గోలు. జనమంతా అలవాటుగా సుబ్బన్న వైపు చూశారు. ఆయన నోరు తెరిచాడు, మూశాడు.

రెండో సగంలో వెంకటకృష్ణ బంతి తీసుకుని ఇద్దరిని దాటి ఎడమ మూలకు కొట్టాడు. స్తంభానికి తగిలింది. ఆ గ్రౌండులో మొదటిసారి, ఆ దెబ్బ తర్వాత నిశ్శబ్దం వచ్చింది. చుక్కలు రాలాయి. సుబ్బన్న చెవులు మూసుకుందామనుకున్నాడు. చుట్టూ నలుగురున్నారు, చేతులు లేవలేదు. వద్దనుకుంటూనే లెక్కపెట్టాడు. ఏడు.

ఇరవై నిమిషాలకు మళ్ళీ తగిలింది. ఆరు. తప్పు విన్నాననుకున్నాడు. గోలు వెనకకు చూశాడు. పెంచలమ్మ మొహంలో ఏమీ లేదు. మోకాలి మీద మాత్రం ఆమె వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి.

చివరి నిమిషంలో ఇంకోసారి. ఐదు.

విజిల్ మోగింది. ఓడిపోయారు. సుబ్బన్నకు పుట్టిన కోపం అస్లాం మీద మొదలై, పదకొండేళ్ళ కిందటి రిగ్గు లారీ మీదికి పోయి, అక్కడ నిలవడానికి చోటు లేక తిరిగి ఆయన మీదికే వచ్చింది. గోలు వెనకకు నడిచాడు. "మొదటి దెబ్బకు ఎంత?" అని గాలిగొంతుతో అడిగాడు.

పెంచలమ్మ ఆయన్ను, ఒట్టు పెద్దదా, మొగుడి మొహం పెద్దదా అని తూచినట్టు చూసింది.

"పద్దెనిమిది."

అంటే ఒక్క రాడ్డు కూడా కాదు. సుబ్బన్న బండ మీద కూలబడ్డాడు.

అప్పటికే జనం అస్లాంను చుట్టేశారు. ఎవరో సెనక్కాయ పొట్టు విసిరారు. వెంకటకృష్ణ తల వంచుకుని బూట్లు విప్పుతున్నాడు. జమాల్ ఇటు పరిగెత్తుకొచ్చాడు. "మామా, మాట రాకున్నా ఏం కాదు. పంపేద్దామని చెయ్యెత్తు, సాలు."

సుబ్బన్న లేచి జనాన్ని తోసుకుంటూ పోయి అస్లాం ఎదురుగా నిలబడ్డాడు. ఆయన మాట వినడానికి అస్లాం వంగాల్సి వచ్చింది.

"నీకు ముందే తెల్సా?"

"మోటార్లు చుట్టేటోణ్ణి. పైపుకు చెవి పెడితే తెలీదా అప్పా?"

"మరి నాకెందుకు చెప్పల్యా?"

"యాడ చెప్పనిస్తివి?" అన్నాడు అస్లాం. గొంతులో మొదటిసారి కోపం వినిపించింది. "నీళ్ళు కావాలని మూడు తూర్లు అడిగితి, ఈ నేల మీద నడిస్తేనే కాళ్ళు పగుల్తాండాయి, ఆటెట్లొస్తాదని. ఒక్కరూ పలకల్యా. అందుకే ఆ మూల చూపిస్తి. లోపలికి పోతే గోలు. తగిల్తే నీళ్ళు ఒకడుగు దగ్గర. రెండూ మనకు కావాల్సినవే గదా."

జమాల్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. అడుగుల కోసం ఆటలు పోగొడతారా అన్నాడు. "అయినా కుడి పైపు సంగతేంది మామా? దాన్ని ఏడువందలు దింపితివే. ఏమొచ్చె? ఎండుదానికి ఎన్నడుగులు పోయినా ఎండుదే. ఈయప్ప ఆ పైపు కాదని ఎవురు చెప్పాల?"

అది న్యాయమైన ప్రశ్నే. సుబ్బన్న కుడి స్తంభాన్ని చూశాడు, ఎడమ స్తంభాన్ని చూశాడు. ఒక్కో మాటనూ గొంతులోంచి పీకి బయట పెట్టినట్టు చెప్పాడు.

"ఈయప్ప ఏ పైపో నాకు తెలీదు. ఆ పొద్దూ తెలీదు. తెలీకుండానే లారీ జరిపిస్తి. ఈ తూరి జరపను."

చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు, ఎవరైనా పట్టుకుని ఎత్తిస్తారేమోనన్నట్టు. జమాల్ నేల మీద ఉమ్మి, మీ నీళ్ళు మీరే తాగండి అని వెళ్ళిపోయాడు. వెనకాల సగం మంది పోయారు. సగం మంది నిలబడ్డారు. షాహీదాబీ గంప దించి అస్లాం భుజం మీది పొట్టు దులిపింది.

సోమవారం ప్రొద్దుటూరు బస్సులో అస్లాం వస్తాడా రాడా అని సుబ్బన్న మూడున్నరకే చెప్పులేసుకున్నాడు. పొద్దున్నే గొంతు వచ్చింది. ఎండనూ ఆటోలనూ ఎప్పటిలాగే తిట్టాడు. బస్సు దిగుతున్న అస్లాంను చూసి మాత్రం, ఈ పొద్దు ప్రాక్టీసు ఆ గోలులోనే పెట్టు అన్నాడు. రంగు పోతుందేమో అప్పా అన్నాడు అస్లాం. పోనీ అన్నాడు సుబ్బన్న.

వెంకటకృష్ణ ఎడమ మూలకు కొడుతూ పోయాడు. కొన్ని లోపలికి పోయాయి, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకటి స్తంభానికి తగిలింది. నాలుగు. కాసేపటికి మూడు. రెండు అనేటప్పటికి స్తంభం మొదట్లో మన్ను అరచేతి మేర నల్లబడింది. టీ కెటిల్ పట్టుకుని జమాల్ వచ్చాడు. వచ్చీ రాకముందే ఏదో అరవబోతే సుబ్బన్న వెనక్కి తిరిగి, "నోరు మూసుకో జమాలూ, వినపడదు" అన్నాడు. జమాల్ కెటిల్ దించి నిలబడ్డాడు.

బంతి మళ్ళీ తగిలింది. ఒక్కటే చుక్క.

వెంకటకృష్ణ బంతిని సర్దుకుని, కాలు వెనక్కి తీసి, ఆగిపోయాడు. అస్లాం వైపు చూశాడు. అస్లాం సుబ్బన్న వైపు చూశాడు. సుబ్బన్న తన జీవితంలో ఎన్నడూ అననంత మెల్లగా, బతిమాలుతున్నట్టు అన్నాడు.

"ఇంకొక్కటి దింపప్పా."

గోలు వెనక పెంచలమ్మ బండ మీంచి లేచింది. మూత తీసి సీసాలోని నీళ్ళు నేల మీద ఒంపేసింది. ఖాళీ సీసా పట్టుకుని స్తంభం దగ్గరికి నడిచింది.