పట్టాల మీద పూల దిండ్లు

ఆ రోజు జనగామ స్టేషన్‌కి నేను నడిచి వెళ్ళలేదు, ఉరికాను. నెత్తి మీద దుప్పటి మూట, మూట నిండా పూల దిండ్లు. కాళ్ళకు అడ్డం పడుతున్న బురఖాను తిట్టుకుంటూ, ఒక్క రిక్షా దొరకనందుకు సమ్మెను తిట్టుకుంటూ, సమ్మెను తిట్టినందుకు నన్ను నేనే తిట్టుకుంటూ పోయాను. సకల జనుల సమ్మె రోజులవి. మా ఆయన రహ్మాన్ ఆటో కూడా ఇంటి ముందే నిలబడి ఉంది.

ఇంత ఆత్రం ఎందుకంటే, బట్టల దుకాణం చందూలాల్ సేటు నాకు మాటిచ్చాడు. ఆయన చెల్లెలు మానుకోటలో కొత్త ఇల్లు కట్టుకుంది. ఆ రోజు రైల్లో అక్కడికే పోతున్నాడు. ఆమెకు సోఫాలోకి నా దిండ్లు నచ్చితే, అలాంటివి తన దుకాణం ముందు వేలాడదీసి, పైన నా పేరుతో బోర్డు పెడతానన్నాడు. పేరు! పెళ్ళై వచ్చి ఎన్నేళ్ళైనా ఈ ఊళ్ళో నా పేరు ఎవరికీ పట్టలేదు. "రహ్మాన్ పెండ్లాం మంచిగ కుడ్తది" అంటారు. నేను కుట్టిన జాకెట్టు వేసుకుని మరీ అంటారు. ఒళ్ళు మండిపోయేది.

మా అత్త సఫియా బేగం అయితే మొదటినుంచీ ఎగతాళే. "తల కింద పెట్టుకోనిది మెత్త ఎట్లయితది? సోఫాకు సోకులా!" అనేది. నేను ఊరుకుంటానా? రజాయిలకు వాడే చిక్కటి పూల నూలుగుడ్డ తెచ్చి, చదరంగా కోసి, పూలవైపు లోపలికి పెట్టి కుట్టాను. ఒక పక్క అరచెయ్యి పట్టేంత సందు వదిలి, అందులోంచి గుడ్డను తిరగేసి, మూలల్ని పుల్లతో పొడిచాను. ఒక్కో మూల లేచి నిలబడుతుంటే ఎంత సంబరమో!

తీరా నింపుదామంటే దూది లేదు. దూదేకే షాహిద్ దుకాణానికి తాళం వేసి ధర్నాలో కూర్చున్నాడు. చేసేది లేక, ఏళ్ళుగా దాచిన జాకెట్ల కత్తిరింపుల్ని చిన్న ముక్కలు చేసి కూరాను. దిండ్లు చూడ్డానికి ముద్దొస్తున్నాయి గానీ ఒత్తితే గట్టిగా ఉన్నాయి. ఒకటి రహ్మాన్ ఒళ్ళోకి విసిరితే "ఓయమ్మో!" అన్నాడు. సేటు ఒత్తి చూడకుండా మూటను గట్టిగా ముడేశాను.

స్టేషన్‌కి చేరేసరికి రైలు ఉంది, కదలడం లేదు. పట్టాల నిండా జనం! రైల్‌రోకో మర్నాడని అంతటా చాటింపు వేస్తే, మా జనగామవాళ్ళు ఆగలేక ఒకరోజు ముందే కూర్చున్నారు. పట్టాల మధ్యే పొయ్యిలు రాజేసి వంటావార్పూ మొదలుపెట్టారు. డప్పులు, మైకులో నినాదాలు, పప్పు పోపు వాసన.

"గిదేంది సార్, రేపు గదా?" అని మైకు పట్టుకున్న మా గల్లీ పంతులు హరీశ్‌ను అడిగాను.

"రేపు గూడ కూసుంటమక్కా! జై తెలంగాణ!"

నేనూ "జై తెలంగాణ" అన్నాను, పళ్ళు కొరుకుతూనే.

మానుకోటకు బయల్దేరిన చందూలాల్ సేటు ప్లాట్‌ఫారం మీద నుంచే కేకేశాడు. "బేటీ, మూట జర పదిలం! రైలు ఇడిసినంక ఎక్కిద్దాం."

మూటను కౌగిలించుకుని నిలబడ్డాను. అప్పుడు కనబడింది, కంకర మీద ఆడవాళ్ళ వరుసలో మా అత్త! మోకాళ్ళ నొప్పులని నీళ్ళ చెంబు కూడా నా చేత తెప్పించుకునే మనిషి! ఆమె పక్కన లింగాల ఘనపూర్ నుంచి కూరగాయలు తెచ్చి అమ్మే ఓదెమ్మవ్వ. ఎండకు రాళ్ళు కాలుతున్నాయి. అత్త ఒకసారి ఈ పక్కకీ ఒకసారి ఆ పక్కకీ ఒరుగుతోంది.

"అమ్మీ, లే, ఇంటికి పోదాం."

"లెవ్వ. తెలంగాణ వచ్చేదాంక లెవ్వ," అంది, నొప్పికి మొహం చిట్లిస్తూనే.

నాకు కోపమూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. మూట విప్పితే బోర్డు పోతుంది, పేరు పోతుంది. విప్పకపోతే ఈ ముసలమ్మ ఆ రాళ్ళ మీదే సాయంత్రం దాకా కూర్చుంటుంది. మొండితనంలో నాకు ఆమే సాటి. ముడిని పళ్ళతో లాగి విప్పేశాను.

అత్త కింద ఒకటి, ఓదెమ్మవ్వ కింద ఒకటి. "నాకో బిడ్డా", "జర నాకూ!" రెప్పపాటులో దిండ్లన్నీ కంకర మీదకి చేరాయి. సేటు నెత్తి పట్టుకున్నాడు. "అరె, గవి మా చెల్లె సోఫాకు!"

ఓదెమ్మవ్వ అటూ ఇటూ కదిలి చూసుకుంది. "ఓ సేటూ, ఒక్క రాయి తగుల్తలేదు! దూది మెత్తయితే గీపాటికి అప్పడమైతుండె. ఇంత గట్టిగ ఎవరు కుట్టిండ్రే?"

"రహ్మాన్ పెండ్లాం," అన్నారెవరో వెనకనుంచి.

అంతే! తెలంగాణ వచ్చేదాకా లేవనన్న మా అత్త లేచింది. దిండు చంకలో పెట్టుకుని, కుంటుకుంటూ వెళ్ళి హరీశ్ చేతిలో మైకు లాక్కుంది.

"సునో! రహ్మాన్ ఆటో నడుపుతడు. ఆనికి సూదిల దారం ఎక్కియ్య రాదు. గీ మెత్తలు కుట్టింది హుమేరా. మా హుమేరా! పేరు యాదిల పెట్టుకోండ్రి!"

మైకు కీచుమంది. నా పేరు ప్లాట్‌ఫారం దాటి, ఆగిన రైలు కిటికీల్లోకి కూడా దూరింది. హరీశ్ ఊరుకుంటాడా? "హుమేరక్కా!" అని అరిచాడు. పట్టాల మీద జనమంతా "జిందాబాద్!" అన్నారు. డప్పు అందుకుంది. సంతోషం పట్టలేక నిలబడ్డ చోటే ఏడ్చేశాను.

సేటు మెల్లగా పట్టాల మీదికి దిగి, అత్త చంకలోని దిండు అడిగి తీసుకుని, ఆమె లేచిన చోట వేసుకుని కూర్చున్నాడు. అటూ ఇటూ ఒరిగి చూసుకున్నాడు, ఇక లేవలేదు.

"మా చెల్లెకు దూదివి కుట్టు బేటీ," అన్నాడు చివరికి. "గిట్లాంటి గట్టివి నా దుకాణం ముంగట కడ్త. బోర్డు మీద నీ పేరుతోని మీ ఇంటాయన పేరు గూడ రాయాల్నా?"

నేను నోరు తెరిచేలోపే మైకులో మా అత్త గొంతు ఖంగుమంది.

"వద్దు! హుమేరా అని రాయి, చాలు!"