మా బావ, రాడ్ల పొయ్యి

మా బావకి తన మీద తనకున్న నమ్మకం ఇంతా అంతా కాదు. అక్కని పెళ్లి చేసుకుని రెండేళ్ల క్రితం నాన్న వెల్డింగ్ షాపులో అడుగుపెట్టాడు. మర్నాటి నుంచే ట్రాక్టరు ట్రాలీలు లాగే కొక్కేల పని ఆయనది, కిటికీ గ్రిల్లుల పని నాది. ఆరేళ్లుగా వెల్డింగ్ రాడ్డు పట్టినదాన్ని, నాకు ఒళ్లు మండదా?

పోరగా పోరగా నాన్న దిగొచ్చారు. "శనివారం ఇద్దరూ చెరో ప్లేటు అతికించండి. ప్రెస్సులో పెట్టి వంచుతా. ఎవరిది పగలకపోతే కొక్కేలు వాళ్లవి. ఓడినవాళ్లకి గ్రిల్లులే. మళ్లీ నా బుర్ర తినొద్దు."

బరువు లాగే కొక్కేనికి గ్రిల్లుల రాడ్డు పనికిరాదు. దానికి వేరే రాడ్డు ఉంది. ఆ రాడ్డు పూతకి చెమ్మ తగిలిందంటే అతుకు పైకి నున్నగానే ఉంటుంది, లోపల మాత్రం పగుళ్లిస్తుంది. అందుకే డబ్బా కోశాక వాటిని కరెంటు పొయ్యిలో వెచ్చగా ఉంచుతాం. పొయ్యి ఉన్న మూలకి ఒక్కటే సాకెట్టు. బావ రోజూ వస్తూనే పొయ్యి ప్లగ్గు పీకి ఫోన్ చార్జింగ్ పెడతాడు. బయట వారం రోజులుగా ముసురు.

"బావా, రాడ్లు చెమ్మ పడతాయి" అని మూడుసార్లు చెప్పాను.

"మెత్తబడటానికి ఇవేమన్నా బిస్కెట్లా మరదలా?"

నాలుగోసారి చెప్పలేదు.

శనివారం పొద్దున్నే సీలున్న కొత్త డబ్బా కోసి, నాలుగు రాడ్లు తీసి, చిరిగిన అట్టపెట్టెలో పడేసి నా బల్ల మీద పెట్టాను. పొయ్యి తలుపు మీద సుద్దతో "ఇవి నావి, ముట్టుకోవద్దు" అని రాశాను. బావ వచ్చాడు, చదివాడు, మీసాల్లో నవ్వుకుంటూ పొయ్యిలోవన్నీ పట్టుకుపోయాడు.

"నీకు ఆ అట్టపెట్టె చాల్లే" అన్నాడు దయగా.

బావ అతుకు చూడముచ్చటగా వచ్చింది. నాది వంకర. నాన్న నా ప్లేటు వైపు చూసి పెదవి విరిచారు. ఇక జీవితాంతం గ్రిల్లులే అనుకున్నాను. ప్రెస్సు దిగింది. నాది కిక్కురుమనకుండా వంగింది. బావది సగంలోనే టప్పుమని నోరు తెరిచింది.

నాన్న పగులులోకి తొంగి చూశారు. తర్వాత పొయ్యి మీద చెయ్యి పెట్టారు. చల్లగా ఉంది. ఆయన మొహం పాలిపోయింది.

"ఈ వారం చేసిన కొక్కేలు రెండూ ఎక్కడున్నాయి?"

"వెనక పెరట్లో ఉన్నాయి నాన్నా. నేనే పంపనివ్వలేదు."

ఆయన ఫోన్ చార్జర్ పీకి పొయ్యి ప్లగ్గు పెట్టారు. "వాటి అతుకులు కోసేసి, మళ్లీ నువ్వే అతికించు" అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా బావని ఊరికే వదిలితే ఎలా?

"బావా, ఫోన్ చార్జింగ్ ఎంతుంది?"

"నూటికి నూరు" అన్నాడు నేల చూస్తూ.

"మరి దాంతోనే అతికించాల్సింది."